గండిపేట ఒడ్డున ఒక మొరం బాట: జలమండలికి బహిరంగ లేఖ

హైదరాబాద్ మహానగర జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) ఒడ్డు వెంట మోటారు బండ్లు రాని ఒక మొరం బాట వేయించండి. దాన్ని నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే తెరిచి ఉంచండి. ఈ రెండు మాటలు చెప్పడానికే ఈ లేఖ. తారు వద్దు, సిమెంటు వద్దు, కరెంటు దీపాలు వద్దు, బాట పక్కన తినుబండారాల దుకాణాలు అసలే వద్దు. మొరం పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పిన మూడు మీటర్ల వెడల్పు దారి చాలు. జలాశయం మీ అధీనంలో ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను. వినతిపత్రంగా మీ ఆఫీసులో ఇచ్చి రావచ్చు. కానీ గండిపేట నీళ్లు తాగి పెరిగిన ఊరంతా ఈ విషయం మాట్లాడుకోవాలన్నది నా కోరిక. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మాది లంగర్‌హౌస్. ఇక్కణ్నుంచి కాళీమందిర్ మీదుగా గండిపేట వెళ్లే రోడ్డు ఒకప్పుడు ఊళ్ల మధ్య దారి. ఇప్పుడు విల్లాలకూ ఫంక్షన్ హాళ్లకూ ఔటర్ రింగ్ రోడ్డుకూ పోయే కార్లన్నిటికీ అదే దిక్కు. 2023 జూలైలో సన్‌సిటీ దగ్గర ఉదయపు నడకకు వచ్చినవాళ్ల మీదికి కారు దూసుకొచ్చి ప్రాణాలు తీసింది. ఆ వైపు నడిచేవాళ్లం, సైకిలు తొక్కేవాళ్లం ఆ రోజును మరిచిపోలేదు. వెనక ఇంజను చప్పుడు వినబడితే చాలు, ఇప్పటికీ భుజాలు బిగుసుకుంటాయి. మా వీధిలో పిల్లలందరికీ సైకిలు తొక్కడం వచ్చు. వీధి చివర దాటించే ధైర్యం మాత్రం ఏ తల్లిదండ్రులకూ లేదు.

2023 అక్టోబరులో ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. పైన సౌర ఫలకాల కప్పు, ఎండావానా తగలవు, కార్లు అడ్డం రావు. మంచి పని చేశారు. ఆదివారం అక్కడ తండ్రి పక్కన తొక్కుకుంటూ పోయే చిన్నపిల్లల్ని చూస్తే సంతోషంగా ఉంటుంది. అయితే ఆ ట్రాకు పక్కనే రోజంతా లారీల హోరు. అక్కడ వ్యాయామం దొరుకుతుంది. చెట్టూ పిట్టా నీటి వాసనా కావాలనుకున్నవాళ్లు ఇంకో చోటు వెతుక్కోవాలి. వెతుక్కుంటున్నారు కూడా. ఈమధ్య నగరంలో గ్రావెల్ సైకిళ్లు ఎక్కువయ్యాయి. చూడటానికి రేసు సైకిల్లా వంపు హ్యాండిలే, కానీ టైర్లు నలభై మిల్లీమీటర్ల లావు. గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే రాళ్ల దారి మీద కూడా కుదుపు తెలియదు. వీళ్లంతా పొద్దున్నే రోడ్డు వదిలి మట్టి దారులు పట్టుకుని చెరువు వైపు వెళ్తున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఆ మట్టి దారులు ఎలా ఉన్నాయో మీకు చెప్పాలి.

ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే శిఖం భూమి బయటపడుతుంది. ఎండి పగుళ్లిచ్చిన నల్లటి మట్టి, అక్కడక్కడ గులకరాళ్ల దిబ్బలు, పల్చటి గడ్డి. ఆ గులకరాళ్ల మధ్యే తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు. నేల మీద చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు, అచ్చం చుట్టూ ఉన్న రాళ్లలాగే. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా కనబడవు. పిట్ట నెత్తి మీద అరుస్తూ తిరుగుతుంటే, ఇక్కడెక్కడో గుడ్లున్నాయని అర్థం చేసుకుని సైకిలు దిగి వెనక్కి తిరగాలి. జీపులో వచ్చినవాడికి ఆ అరుపు వినబడదు. ఆ దిబ్బల మీదుగానే జీపుల చక్రాల జాడలు గాళ్లు పడి నీటి అంచు దాకా ఉంటాయి. వాటి పక్కన పగిలిన సీసాలు, పుట్టినరోజు కేకు డబ్బాలు, మంట వేసిన బూడిద. ఒక్కోచోట నీళ్లలోనే కారు నిలబెట్టి కడుగుతుంటారు. ఈ నీళ్లే మళ్లీ మన కుళాయిల్లోకి వస్తాయి.

చెరువు దగ్గరికి మనుషుల్ని రానివ్వకపోవడమే దీనికి మందు అని మీ అధికారులు అనుకోవచ్చు. చాలాకాలంగా మన ప్రభుత్వ శాఖల ఆలోచన ఇదే. కంచె వేస్తారు, బోర్డు పెడతారు, తాళం వేస్తారు. కంచెకు పడిన కంతలోంచి దూరేది ఎవరు? మందు సీసాలతో వచ్చేవాళ్లు దూరతారు, రాత్రిపూట మట్టి లారీలు దూరతాయి. పిల్లల్ని తీసుకుని పొద్దున్నే వచ్చే మనిషి బోర్డు చదివి వెనక్కి వెళ్లిపోతాడు. అంటే చెరువును ప్రేమించేవాడికే తలుపు మూస్తున్నాం. నేను మొరం బాట అడగడానికి అసలు కారణం ఇది. సైకిలు సరదా ఆ తర్వాతి మాట.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరిని వరద నుంచి కాచినవీ, ఊరికి మంచినీళ్లు ఇచ్చినవీ అవే. 1996లో జీవో 111 వచ్చింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ ఆపింది. ఆ పరిధిలో నూనె కర్మాగారం పెట్టబోయిన కంపెనీకి 2000లో సుప్రీంకోర్టు కూడా దారి ఇవ్వలేదు. లక్షలమంది తాగే నీటి విషయంలో ప్రమాదాన్ని ముందే ఊహించి ఆపాలని ఆ కేసులో చెప్పింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వమే ఆ ఆంక్షల్ని ఎత్తేసే దారి తెరిచింది. అప్పట్నుంచి ఆ ఊళ్ల పొలాల్లో ప్లాట్ల రాళ్లు ఎంత వేగంగా లేస్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. ఈ అంకె మీ ఇంజనీర్లకు తెలుసు. ప్లాటు అమ్మేవాడికి కూడా తెలుసు. కొనేవాడికి తెలియదు. 2024లో చెరువుల ఆక్రమణల్ని తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఖానాపూర్, చిలుకూరు వైపు చెరువు హద్దులోకి వచ్చిన కట్టడాల్ని కూల్చారు. కూల్చినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. కానీ పునాది తీసిన రోజే ఎవరైనా చూసి ఉంటే, గోడ లేవకముందే చెప్పి ఉంటే, కూల్చే అవసరమే రాకపోను. హద్దు రాయిని ఒక్క రాత్రిలో పీకి పక్కన పడేయొచ్చు. ప్రతి ఉదయం వందమంది తిరిగే బాటను ఎవరూ పీకలేరు. బాటకు ఇటువైపు ఊరు, అటువైపు చెరువు. చదువు రానివాడికి కూడా హద్దు ఎక్కడో తెలిసిపోతుంది. అటువైపు ఒక లారీ మట్టి పడితే తెల్లారేసరికి ఫోటో మీ ఫోనుకు వస్తుంది. కంచెకు పెట్టే ఖర్చులో కొంత బాటకు పెట్టి చూడండి. జీతం లేని కాపలాదారులు ఎంతమంది పుట్టుకొస్తారో చూస్తారు.

మంచినీళ్ల జలాశయం చుట్టూ సైకిళ్లా అని మీ శాఖలో ఎవరైనా అడిగితే ఇంగ్లండులోని రట్లండ్ వాటర్ సంగతి చెప్పండి. 1970లలో తాగునీటి కోసం కట్టిన జలాశయం అది. చుట్టూ 23 మైళ్ల బాట ఉంది, అంటే 37 కిలోమీటర్లు. చాలా భాగం కార్ల రోడ్డుకు దూరంగా నీటి పక్కనే పోతుంది. నిర్వహించేది మీలాంటి నీటి సరఫరా సంస్థే. పడమటి కొసన పక్షుల రక్షణ ప్రాంతాన్ని వేరుగా ఉంచి, స్థానిక వన్యప్రాణి సంఘంతో కలిసి చూసుకుంటోంది. 1996లో స్కాట్లండు నుంచి ఆస్ప్రే అనే చేపల గద్ద పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలారు. 2001లో అవి అక్కడే గూడు కట్టి పిల్లను లేపాయి. ఏటా వేలమంది సైకిళ్ల మీద తిరిగే చెరువు అది. చలికాలంలో మన దక్కన్ జలాశయాల మీద కూడా ఈ జాతి గద్దే కనబడుతుంది. ఇంకా ఉత్తరాన కీల్డర్ వాటర్ చుట్టూ 26 మైళ్ల బాట ఉంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు తప్ప వేరేవి రావు. కొండ పల్లాలు ఎక్కువైనా గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర మీదే ఆ చుట్టంతా తిరగొచ్చు.

పరాయి దేశాల కథలు మనకెందుకంటే, భరత్‌పూర్ మనదే. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ జాతీయ పార్కు 29 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల. 1985 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ నీటి మడుగుల మధ్య కట్టల మీద సైకిలు తొక్కుకుంటూ కొంగల్ని చూడొచ్చు. గేటు దగ్గర సైకిలు అద్దెకిస్తారు. లేదంటే రిక్షా ఎక్కొచ్చు. ఆ రిక్షావాళ్లకు పక్షుల గురించి శిక్షణ ఇచ్చారు. నేను వెళ్లినప్పుడు మా రిక్షా అతను మాట్లాడకుండా బ్రేకు వేసి, తుమ్మచెట్టు కొమ్మల్లోకి గడ్డం ఎత్తి చూపించాడు. రెండు చిన్న గుడ్లగూబలు ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. మేము నాలుగు గజాల దూరంలో ఉన్నాం. అవి కళ్లు తెరవలేదు. మోటారు చప్పుడు ఉంటే అంత దగ్గర నుంచి చూడగలిగేవాళ్లమా? అతని ఇల్లు ఆ పక్షుల మీదే గడుస్తోంది, కాబట్టి ఆ పక్షులకు హాని తలపెట్టేవాడిని అతనే ముందు అడ్డుకుంటాడు. చిలుకూరు, జన్వాడ, వట్టినాగులపల్లి కుర్రాళ్లకు ఇలాంటి పని మనం ఎందుకు ఇవ్వకూడదు?

మొరమే ఎందుకు అని మీ ఇంజనీర్లు అడుగుతారు. తారు వేస్తే నిర్వహణ సులువు అంటారు. తారు వేసిన మరుసటి నెలే దాని మీద బైకులు, ఆ తర్వాత కార్లు వస్తాయి. నున్నటి రోడ్డు బండిని పిలుస్తుంది. మొరం బాట మీద ఎవరైనా నెమ్మదిగానే పోవాలి. వాన నీరు కొంత ఇంకుతుంది, మిగిలింది చమురు మరకలు లేకుండా చెరువులోకి పోతుంది. మే నెలలో తారు సెగలు కక్కుతుంటే మొరం నేల ఆ స్థాయిలో కాలదు. పాము, తాబేలు, ఉడత దాన్ని దాటడానికి భయపడవు. ఇక ఖర్చు సంగతి మీకే బాగా తెలుసు.

అయితే మొరం పోసి వదిలేస్తే ఒక్క వానకే గండ్లు పడతాయి. పని తెలిసినవాళ్లు చేయాలి. మొరంలో బంక ఎక్కువైతే వానకు జారుతుంది, టైరుకూ బ్రేకుకూ మధ్య ముద్దలా పట్టేస్తుంది. ఇసుక ఎక్కువైతే చక్రం దిగబడుతుంది. రెండూ సమపాళ్లలో ఉండాలి. కింద కంకర పొర, పైన మొరం, తడిపి రోలరుతో పొరలు పొరలుగా గట్టిచేయాలి. బాట ఒక పక్కకు కాస్త వాలి ఉండాలి, అప్పుడే నీరు నిలవదు. ఏటవాలు చోట్ల ప్రతి కొన్ని గజాలకూ అడ్డంగా చిన్న పల్లం ఇస్తే వాన నీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు దిగిపోతుంది. వాగులు చెరువులో కలిసేచోట గొట్టాలు పెట్టవద్దు, చెత్త అడ్డుపడి తెగిపోతాయి. రాళ్లతో లోతు తక్కువ కాజ్‌వే కడితే చాలు. వరద రోజుల్లో బాట మూసేయండి, ఎవరికీ నష్టం లేదు. ఇంకో మాట. మొరం కోసం చెరువు చుట్టుపక్కల గుట్టల్ని తవ్వనివ్వకండి. ఆ గుట్టల మీద పడిన వానే ఈ చెరువు నీరు. క్యాచ్‌మెంటు బయట, అనుమతి ఉన్న క్వారీ నుంచి తెప్పించండి.

బాట ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. పూర్తి నీటిమట్టానికి పైన, బఫరు (చెరువు చుట్టూ ఖాళీగా వదిలే స్థలం) అంచున వేయాలి, నీటి పక్కన కాదు. శిఖంలోకి ఏ దారీ దిగకూడదు. దాంతో మునిగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది, పక్షులకూ కాస్త ఎడం దొరుకుతుంది. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులు లోతు తక్కువ అంచుల్లో దిగి గడ్డి మేస్తాయి. అవి దిగే చోట్లు పక్షుల్ని గమనించేవాళ్లకు బాగా తెలుసు. వాళ్లను పిలిచి అడగండి. ఆ భాగాల్లో బాటను లోపలికి తిప్పండి, లేదా నవంబరు నుంచి మార్చి దాకా మూసేయండి. తీతువు గుడ్లు పెట్టే కాలంలో గులకరాళ్ల దిబ్బల వైపు ఎవరినీ పోనివ్వకండి. సైకిలు చప్పుడు చేయదు గనుక ఏ పిట్టకూ ఇబ్బంది లేదని మాలో కొందరంటారు. నేను ఒప్పుకోను. చప్పుడు లేకుండా ఉన్నట్టుండి పక్కకు వచ్చే మనిషి కూడా పిట్టను లేపుతాడు. మా సైకిలిస్టులకు నియమాలు కావాలి. పెట్టండి, పాటిస్తాం.

బాట సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా చాలు. చీకట్లో తొక్కాలనుకునేవాళ్లకు ఔటర్ పక్కన దీపాల ట్రాకు ఉంది. ఇక సైకిలు పట్టే సందులోంచి మోటార్‌సైకిలు కూడా పడుతుంది, అది ఎవరూ కాదనలేరు. దాన్ని ఆపడానికి ఇరుకు ఇనుప గేట్లు పెడితే వీల్‌చైరులో వచ్చేవాళ్లు, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు బయటే ఆగిపోతారు. గేటు దగ్గర మనిషిని పెట్టండి. ఆ ఊరివాళ్లనే పెట్టండి. పొలానికి పోయే రైతు బండినీ వల తీసుకుని పోయే మత్స్యకారుల్నీ ఆపే హక్కు ఎవరికీ లేదు. వాళ్ల దారి వాళ్లకు ఉండాలి. ఈ చెరువు మనం సరదాగా రావడం మొదలుపెట్టక ముందు నుంచీ వాళ్లకు బతుకుతెరువు. లక్ష రూపాయల సైకిలుకు ఎంత చోటో, పాల క్యాన్లు కట్టిన పాత హీరో సైకిలుకూ అంతే చోటు.

కారు వెనక సైకిలు కట్టుకుని అందరూ గండిపేటకే వస్తే చెరువు పక్కన పార్కింగు పెట్టాల్సి వస్తుంది. ఆ తప్పు మొదటే జరగకుండా చూడాలి. నార్సింగి దగ్గర ఔటర్ ట్రాకు నుంచి గండిపేట ఎంతో దూరం లేదు. ఆ కొంచెం దూరం సైకిళ్లకు భద్రమైన దారి ఇస్తే మనుషులు తొక్కుకుంటూనే వస్తారు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వారితో మీరు మాట్లాడాల్సిన విషయం ఇది ఒక్కటే. మరుగుదొడ్లు గేట్ల దగ్గరే, చెరువుకు దూరంగా. ప్లాస్టిక్ సీసా తెచ్చినవాడు ఖాళీ సీసా చూపిస్తేనే బయటికి పోవాలి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి జంట జలాశయాలు నింపే పథకానికి 2025 సెప్టెంబరులో గండిపేటలోనే శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్లు వస్తే చెరువు ఏడాది పొడవునా నిండుగా ఉండే అవకాశం ఉంది. నీటి అంచు పైకి వచ్చి హద్దుకు చేరుతుంది. నీళ్లు నిండిన చెరువు పక్కన భూమి ధర ఎటు పోతుందో అందరికీ తెలుసు. గోదావరి నీళ్లు రాకముందే హద్దు నేల మీద కనబడాలి. వచ్చాక సర్వే మొదలుపెడితే ఒక్కో గజానికీ ఒక్కో కోర్టు కేసు ఎదురవుతుంది.

మొత్తం చుట్టూ ఒకేసారి వేయమని నేను అడగడం లేదు. ఖానాపూర్ వైపు రెండు మూడు కిలోమీటర్లు చాలు, నమూనాగా. ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. బాట ఎక్కడ కోసుకుపోయింది, పిట్టలు ఏ వైపు జరిగాయి, చెత్త తగ్గిందా పెరిగిందా, ఆక్రమణ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, అన్నీ రాసి పెట్టించండి. ఆ లెక్క బయటపెట్టండి. పనికిరాదని తేలితే మీతోపాటు నేనూ ఒప్పుకుంటాను. పనికొస్తుందని తేలితే మిగతా చుట్టు పూర్తి చేయండి, హిమాయత్‌సాగర్ కూడా చూడండి.

సర్వే రోజున గొలుసు పట్టుకోవడానికి, చెట్లు గుర్తుపెట్టడానికి, ఆదివారాలు గేటు దగ్గర నిలబడటానికి నగరంలోని సైకిలు తొక్కేవాళ్లలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. పిలిస్తే వస్తాం. వచ్చే వానాకాలం లోపు ఆ మొదటి రెండు మూడు కిలోమీటర్లకు అనుమతి ఇవ్వమని ప్రార్థన.

భవదీయుడు,
లంగర్‌హౌస్ నుంచి ఒక సైకిలిస్టు